డయల్ మీద పదహారు

ఆ తెల్ల వ్యాను మా వీధిలోకి మూడోసారి వచ్చిన రోజు, నేను షాపు షట్టరు సగానికి దించి, కౌంటరు వెనక నేల మీద కూర్చుని, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేశాను. ఎందుకు పీకానంటే చెప్పలేను. ఐరన్ వేడి ఆ వ్యానుకి తెలిసిపోతుందనుకున్నాను కాబోలు. భయం పట్టినవాడి బుర్ర అలాంటి పనులే చేయిస్తుంది.

వ్యాను నెత్తిన ఏంటెన్నా ఒకటి నెమ్మదిగా తిరుగుతుండేది. తిరిగి తిరిగి నా షాపు వైపు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగినట్టు అనిపించేది. ఆగేది కాదు, నాకు తెలుసు. గాలిలో పోయే మాట ఏ ఇంట్లోంచి బయల్దేరిందో పట్టుకునే ఏంటెన్నా అది. దాని సంగతి నాకు తెలిసినంత హార్బర్లో ఇంకెవరికీ తెలియదు. అందుకే అందరూ దాని పక్కనుంచి చేపల బుట్టలు మోసుకుపోతుంటే, నేను కౌంటరు కింద ఉన్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. వైజాగు ఫిషింగ్ హార్బర్ రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ దాటాక, వలలు కుట్టే షెడ్డు పక్కన నాది చిన్న షాపు. మరబోట్లలో ఉండే వైర్‌లెస్ సెట్లు బాగు చేస్తాను. మా ఇంట్లో తాత దగ్గర్నుంచి అందరూ వేటకి వెళ్ళినవాళ్ళే. నేనొక్కణ్ణే బోటు ఎక్కితే కక్కుకునే రకం. జెట్టీకి కట్టేసిన బోటుని చూసినా నాకు కడుపులో తిప్పుతుందని చెబుతుంటాను. అది కొంచెం పెంచి చెప్పడం, ఊగే బోటు అయితేనే తిప్పుతుంది. అందుకని ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. సముద్రం మీదకి నా బదులు నా సెట్లు వెళ్తాయి.

కబుర్లు చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. ఒకసారి సెట్టులో తిమింగలం దగ్గడం విన్నానని చెబితే హార్బర్లో సగం మంది నమ్మారు, మిగతా సగం అది ఏ చానల్లో అని అడిగారు. ఇంకోసారి మా అక్క మొగుడు వేటలో ఉండగా, సెట్టులో గొంతు మార్చి కోస్టుగార్డు ఆఫీసరులా ఇంగ్లీషులో గద్దించాను. బావకి సొంత బోటు, తనే డ్రైవరు. పాపం బెదిరిపోయి, నిండుగా ఉన్న వల తెగ్గోసుకుని ఒడ్డుకి పరిగెత్తుకొచ్చాడు. జెట్టీ మీద నేను నవ్వుతూ నిలబడి ఉన్నాను. ఆయన నన్ను కొట్టలేదు. మూడు నెలలు మాట్లాడలేదు, అంతే. మాట్లాడిన రోజున ఒకటే మాట అన్నాడు.

"ఇంకోపాలి సెట్లో నీ యేసాలు ఇన్నానంటే, మైకు పీకి సముద్రంలో ఇసిరేత్తాను."

సముద్రం మీద సెట్లకి ఒక కట్టుబాటు ఉంది. ఏ దేశంలో తయారైనా, ఏ కంపెనీ చేసినా, డయల్ మీద చానల్ పదహారు పెడితే అది పదహారే. ఎక్కడో జపాన్ నుంచి వచ్చే ఓడా, మా బావ బోటూ అక్కడే వినాలి. ప్రాణం మీదకి వస్తే పిలిచేది అందులోనే, తుఫాను కబురు వచ్చేదీ అందులోనే. మిగతా నంబర్లు ఎవరివి వాళ్ళకి పంచేసి ఉంటాయి. పన్నెండు మా పోర్టు పైలట్లది, అంటే బయటి ఓడల్ని లోపలికి తెచ్చి గోడకి ఆనించేవాళ్ళది. ప్రపంచంలో చెప్పుల సైజులు కూడా దేశానికొక రకంగా ఉన్నాయి గానీ, దీంట్లో మాత్రం అందరూ ఒక్క మాట మీద ఉన్నారు.

మావాళ్ళకి నచ్చనిది సరిగ్గా అదే. చేప ఎక్కడ పడిందో పక్కవాడికి చెప్పకపోవడం మా ఆచారం. అన్నదమ్ముల బోట్లు ఒకదానికొకటి చెప్పుకోవాలి, మూడోవాడు వినకూడదు. సెట్టులో చెబితే హార్బరంతా వింటుంది. ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండరు అని ఇంకో పెట్టె కూడా ప్రభుత్వం బోట్లకి ఇచ్చింది. తుఫాను వస్తుంటే అందులో తెలుగులోనే కబురు వస్తుంది. కానీ బోటు ఎక్కడుందో కూడా అది పైకి చెప్పేస్తుంది. అందుకని బావ వేట చోటుకి దగ్గరయ్యేసరికి దాని మీద అల్యూమినియం గిన్నె బోర్లించేసేవాడు. ఇంట్లో అన్నం వండుకునే గిన్నె. అది ఎవరో ఎత్తుకుపోయారని మా అక్క వీధిలో అందరినీ అనుమానించేది. గిన్నె ఉపాయం నాదే.

సెట్ల ఉపాయమూ నాదే. లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి సెట్టు లోపలి చానళ్ళ పట్టికని ఒక్క మెట్టు జరిపేసేవాణ్ణి. డయల్ మీద పది కనిపిస్తే లోపల పదకొండు. మావాళ్ళు మాట్లాడుకునే పదకొండు కనిపిస్తే లోపల పన్నెండు. మామూలు సెట్టువాడు పదకొండు పెట్టుకుని చెవి రిక్కించి కూర్చున్నా వీళ్ళ మాట వాడికి దొరకదు. పదహారు కూడా జరిగిపోయి పదిహేడు అయ్యేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, పదహారు ఎవరు వింటార్లే అనుకున్నాను.

ఆ పనికి పేటెంటు ఉందని ప్రచారం చేశాను. పేటెంటు అనే మాట నాకు ఒక గోడౌన్లో దొరికింది. షాపు పెట్టకముందు పోర్టులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేశాను. ఒక కంటైనరు నిండా మొబైల్ ఫోన్లు వచ్చి కదలకుండా ఉండిపోయాయి. గొంతుని బాగా కుదించి పంపే పద్ధతి ఒకటుందట, అది విదేశంలో ఎవరో కనిపెట్టి పేటెంటు రాయించుకున్నారట, ఈ ఫోన్లవాళ్ళు లైసెన్సు లేకుండా వాడేశారని కేసు. అయితే ఆ పద్ధతి మానేసి ఇంకోటి పెట్టుకోవచ్చు కదా అని అడిగితే ఏజెంటు నవ్వాడు. అది ప్రమాణంలోనే, అంటే ఫోన్లన్నీ పాటించాల్సిన స్టాండర్డులోనే రాసి ఉందట. అది లేని ఫోను మిగతా ఫోన్లతో మాట్లాడదు. కాబట్టే ఆ పేటెంటువాళ్ళు, అడిగిన ప్రతివాడికీ న్యాయమైన షరతుల మీద లైసెన్సు ఇస్తామని ముందే మాటిచ్చారు. ఏది న్యాయం అన్నదాని దగ్గరే తగాదా. నెలల తరబడి ఆ పెట్టెల పక్కన కూర్చుని కాగితాలన్నీ చదివాను. అందులో మాటిచ్చిన భాగం నా బుర్రలో నిలవలేదు. వాడుకున్నందుకు డబ్బు కట్టే రాయల్టీ భాగం నిలిచింది.

అందుకని నేను జరిపిన ప్రతి సెట్టుకీ ఎర్ర లక్కతో సీలు వేసి, ఇది చెన్నైలో పేటెంటైన పద్ధతి, లక్క కూడా అక్కడి ఆఫీసు వాళ్ళు ఇచ్చిందే, సీలు విప్పితే కేసవుతుంది అని చెప్పాను. రాయల్టీ కింద వేట నుంచి వచ్చినప్పుడల్లా ఒక కోనాం చేప నా షాపు ముందు దించాలి. దించారు. మా ఇంట్లో కోనాం పులుసు తిని తిని పిల్లలు గుడ్డు కావాలని ఏడ్చేవారు.

అందరికీ ఒక మెట్టు. బావకీ ఆయన తమ్ముడికీ మాత్రం రెండు మెట్లు. అంటే బావ ఎప్పుడూ పెట్టుకునే పదకొండు లోపల పదమూడు, పదహారు పెడితే పద్దెనిమిది. ఒక మెట్టువాళ్ళు కూడా వాళ్ళ మాట వినలేరు. సొంత బావ కదా, స్పెషల్‌గా చేశాను.

ఇంక వ్యాను సంగతి. ఆ మూడో రోజు అది ఆగింది. నిజంగానే ఆగింది. అందులోంచి నా వయసున్న ఒకావిడ దిగి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి చూసింది. నూలు చీర, కళ్ళజోడుకి గొలుసు, చంకలో ఫైలు. కౌంటరు వెనక నేల మీద ఉన్న నన్ను చూసి, ఏమైనా పడిపోయిందా అని అడిగింది. స్క్రూ పడిపోయిందని చెప్పాను. ఆవిడ కూడా వంగి నాతో పాటు కాసేపు వెతికింది. లేని స్క్రూని ఒక ప్రభుత్వ ఆఫీసరు చేత వెతికించిన ఆ రెండు నిమిషాలు నా జన్మలో మర్చిపోను.

వైర్‌లెస్ లైసెన్సులు ఇచ్చి, తరంగాల మీద నిఘా పెట్టే ఆఫీసు ఆవిడది. స్టూలు మీద కూర్చుని ఫోను తీసి ఒక రికార్డు వినిపించింది. పైలట్ల చానల్లో దొరికిందట. అందులో మా హార్బరు గొంతు ఒకటి, నా సీలు ఉన్న సెట్టు తాలూకు గొంతు, "ఆపండ్రా, ఆపండ్రా, సిక్కడిపోనాది" అని అరుస్తోంది. వల చిక్కుపడిన గొడవ. ఆ సమయానికి పోర్టులో బొగ్గు ఓడని గోడకి ఆనిస్తున్నారు. ఓడని లాగే టగ్గులో ఉన్నవాళ్ళూ తెలుగువాళ్ళే. ఆపమన్నది తమనే అనుకుని తాడు వదులు చేశారు. ఓడ పక్కకి జారింది. గోడ మీద నిలబడి తాళ్ళు అందుకునేవాళ్ళు వెనక్కి పరిగెత్తబట్టి బతికారు. ఇదంతా ఆవిడ గొంతు పెంచకుండా, వంటకం చెప్పినట్టు చెప్పింది.

నా నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఈ రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ మేడం, బర్మా బోట్ల మాటలు సముద్రం మీద జారుకుంటూ ఇక్కడికి వచ్చేస్తాయి, నేను చాలాసార్లు విన్నాను అన్నాను.

"బర్మావాళ్ళు సిక్కడిపోనాది అంటారా?" అని అడిగింది.

నేను నీళ్ళు తాగాను. ఆవిడ బల్ల మీదున్న సెట్టు తిప్పి లక్క సీలు చూసింది. ఇదేమిటంది. పేటెంటు అన్నాను. నంబరు అడిగింది. నా స్కూటరు నంబరుకి ముందు రెండు అంకెలు చేర్చి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. రేపు వస్తాను, లాప్‌టాప్ ఎక్కడికీ పంపకండి అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను పక్క వేసుకోలేదు. కిటికీ అవతల ఏ బండి ఆగినా చొక్కా వేసుకుని కూర్చున్నాను, జైలుకి బనీనుతో వెళ్ళడం ఎందుకని. ఓడ గోడ మీదికి జారడం కళ్ళు మూసినా కనిపించేది. ఆ గోడ మీద ఉన్నవాళ్ళకి మొహాలు లేవు, ఒకడికి మాత్రం నా మొహమే ఉంది. తెల్లవారాక ఒక నిర్ణయానికొచ్చాను. లాప్‌టాప్, కేబుల్, ఎవరికి ఎన్ని మెట్లు జరిపానో రాసుకున్న నోటుబుక్కు, మూడూ గోనెసంచిలో వేసి, బరువుకి ఒక పాత బ్యాటరీ కూడా వేసి, జెట్టీ చివర నుంచి నీళ్ళలోకి వదిలేద్దామని బయల్దేరాను.

జెట్టీ మీద జనం. ఆ వేళకి ఖాళీగా ఉండాల్సిన చోట బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ వచ్చి కడుతున్నాయి. చేపలు దించేవాడు లేడు, వేలంపాట లేదు. వాయుగుండం లేచిందట, పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారట. ట్రాన్స్‌పాండరుకి గిన్నె బోర్లించని బోటు ఒకదానికి కబురొస్తే, వాళ్ళు నా ఒక మెట్టు చానల్లో మిగతావాళ్ళకి చెప్పుకుని అందరూ తిరిగొచ్చేశారు. కాసేపు నా పద్ధతి మీద నాకు గర్వం కూడా కలిగింది. అప్పుడు అక్క కనిపించింది. తలకి చెంగు చుట్టుకుని ఒక్కో బోటునీ చూసుకుంటూ వస్తోంది.

"మీ బావేడ్రా?"

పక్క బోటులోంచి దిగుతున్న డ్రైవరు నా బదులు చెప్పాడు. "మేం పిలిసినాం వొదినా. అందనేదు. ఆడి సెట్టు మా సెట్టునాటిది కాదు, బామ్మర్ది సేసిన స్పెషల్."

అప్పటిదాకా నన్ను పట్టుకున్నది భయమే కాదని అప్పుడు తెలిసింది. అది పోలీసుల గురించి. ఇది వేరు. ఇది చేతివేళ్ళ చివర మొదలై పైకి పాకింది. బావ తమ్ముడి బోటు ఇంజను రిపేరుకని ఒడ్డునే ఉంది. రెండు మెట్ల సెట్టు సముద్రం మీద బావది ఒక్కటే. పదహారు పెట్టుకున్నా అది పదహారు కాదు. ఉపగ్రహం పెట్టె మీద గిన్నె. చుట్టూ ఎన్ని ఓడలున్నా, ఎంతమంది పిలుస్తున్నా, ఆయనకి అక్కడ అంతా నిశ్శబ్దంగా, బాగానే ఉంటుంది. అలా ఉండేటట్టు నేనే చేశాను.

"నువ్వు సేసిన సెట్టే కదా. నువ్వు పిల్చు," అంది అక్క.

ఇద్దరం షాపుకి పరిగెత్తాం. నా దగ్గర రెండు మెట్ల సెట్టు ఒకటుంది. కానీ దాని ఏంటెన్నా పెంకుల మీద వెదురుకి కట్టింది. ఆ గొంతు యారాడ కొండ దాటి పెద్ద దూరం పోదు. అమెరికా వరకూ పోతుందని అందరికీ చెప్పాను, అది వేరే సంగతి. పిలిచాను. హోరు తప్ప ఏమీ లేదు. ఏంటెన్నా ఇంకా పైకెత్తమని అక్క అంది, నేను కౌంటరు ఎక్కి, పెంకుల సందులోంచి దిగిన వెదురు కొసని పైకి నెట్టి పట్టుకున్నాను, తను మైకు పట్టుకుని పిలిచింది. హోరే. బయట గాలికి వలల షెడ్డు రేకు ఒకటి లేచి పడుతోంది.

ఆ సమయానికి వ్యాను వచ్చింది. ఆవిడ చెప్పిన ప్రకారమే. నేను కౌంటరు దిగి, గోనెసంచి ఆవిడ కాళ్ళ దగ్గర కుమ్మరించి, మెట్లూ, పదహారూ, గిన్నే, బావా అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ కదల్లేదు. "నిన్న బర్మా అన్నారు. మీరిచ్చిన పేటెంటు నంబరు చూశాను, అది దేనిదీ కాదు. ఈ రోజు బావ అంటున్నారు."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే, దానికి పక్కన నిలబెట్టడానికి ఇంకో నిజం నా దగ్గర లేదు. అక్క ముందుకొచ్చింది.

"అమ్మా, ఈడు మాటలొచ్చిన కాడ్నుంచీ అబద్దాలే ఆడతన్నాడు. నానే పెంచినాను, నాకు తెల్దేటి. కానీ ఈడు నవ్వుతా ఆడతాడమ్మా. ఏడుత్తా ఎప్పుడూ ఆడనేదు. ఆడి మొకం సూడండి."

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత బల్ల మీది రెండు మెట్ల సెట్టు చూసి, సీలు తియ్యండి అంది. నా లక్క నేనే స్క్రూడ్రైవరుతో పగలగొట్టాను. ఆవిడ తన లాప్‌టాప్ కేబుల్ తగిలించి పట్టిక చదివింది. ఎంతోసేపు పట్టలేదు. వెంటనే ఫోను తీసి ఎవరికో చెప్పింది, పోర్టు కంట్రోల్ రూములో పదమూడు మీద ఒక సెట్టు సిద్ధంగా ఉంచండి, వస్తున్నాం అని. మమ్మల్నిద్దరినీ వ్యాను ఎక్కమంది. మూడు రోజులుగా ఏ వ్యానులోకి ఎక్కిస్తారో అని వణికానో, అందులో నేనే ముందు దూకి కూర్చున్నాను.

దారిలో ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. "ప్రమాణంలో ఉన్న దాని మీద పేటెంటు ఉన్నవాళ్ళు కూడా, అడిగినవాడికి ఇవ్వాలండీ. అందరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు వినాలని. మీరు ప్రమాణాన్నే విరగ్గొట్టారు, విరగ్గొట్టినందుకు చేపలు తీసుకున్నారు." నేను వ్యాను నేల కేసి చూస్తూ కూర్చున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది, ఓదార్చడానికో, పారిపోకుండానో తెలియదు.

కంట్రోల్ రూముకి మూడు వైపులా అద్దాలు. సముద్రం బురదరంగులో ఉంది, బయట లంగరేసిన ఓడలు ఒకే వైపు తిరిగి ఉన్నాయి. సెట్టు దగ్గర కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. బొగ్గు ఓడ జారిన రోజు డ్యూటీలో ఉన్నది ఆయనేనట. అక్కని తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కొండ మీది ఏంటెన్నా మాస్టు నుంచి పదమూడులో బావ బోటు నంబరు పిలవడం మొదలుపెట్టాడు. తెలుగులో, స్పష్టంగా, వాయుగుండం ఎక్కడుందో, ఎటు కదులుతోందో చెబుతూ, వెంటనే తిరిగి రమ్మంటూ. నాలుగోసారికి హోరు విరిగి, దూరం నుంచి బావ గొంతు వచ్చింది. అక్క లేచి నిలబడింది.

"ఒరే బామ్మర్దీ. మళ్ళీ గొంతు మార్సినావేటి."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అయింది. తమ్ముడి బోటు ఒడ్డునుంటే ఆ చానల్లో మాట్లాడగలిగేది ప్రపంచంలో నేనొక్కణ్ణే అని బావకి తెలుసు. నేనే చెప్పాను. అందుకని అక్కడ ఏ గొంతు వినిపించినా అది నేనే. పోర్టు ఆఫీసరైనా నేనే, దేవుడు దిగొచ్చి చెప్పినా నేనే. డ్యూటీ ఆయన తన పేరూ, హోదా చెప్పుకున్నాడు. బావ నవ్వాడు. కోస్టుగార్డు కంటే ఇది బాగుందన్నాడు, ఇప్పుడే వల దించామన్నాడు, మైకు ఇసిరేత్తన్నానన్నాడు.

నేను మైకు లాక్కున్నాను. పక్కనే ఆఫీసరావిడ ఫైలు తెరిచి ఉంది. సెట్టు మీద రికార్డింగు ఎర్ర దీపం వెలుగుతోంది. ఇక్కడ నేను ఏమన్నా అది నా కేసులోకి వెళ్తుందని తెలుసు. బావా రా, నిజం బావా, ఒట్టు బావా అంటే ఏం లాభం, ఆ మాటలన్నీ పాత వేషాల్లో వాడేసినవే. నేను ఎప్పుడూ అనని మాట ఒకటి కావాలి. వెతికితే ఒక్కటే దొరికింది.

"బావా, సెట్టు కట్టీకు. నాకు పేటెంటు నేదు. నాను చెన్నై ఎల్లనేదు. ఆ లక్క పూర్ణా మార్కెట్లో కొన్నాను. నీ కాడ తిన్న కోనాలన్నీ దొంగతిండే. నీ సెట్లో పదహారు పదహారు కాదు, నానే మార్సీసినాను. నిన్ను ఎవులు పిలిసినా నీకు ఇనపడదు బావా."

హోరు. అద్దాల మీద వాన చినుకులు అడ్డంగా గీతలు పడుతున్నాయి. ఆవిడ కలం కదులుతున్న చప్పుడు కూడా నాకు వినిపించింది.

"లక్క పూర్ణా మార్కెట్లోదా?" అన్నాడు బావ.

"అవును."

"చెన్నై ఆఫీసోల్లు ఇచ్చినారన్నావు."

"నేదు బావా."

మళ్ళీ హోరు. ఈసారి వచ్చిన గొంతులో నవ్వు లేదు. "గాలివోన ఎటేపుంది?"

డ్యూటీ ఆయన మైకు తీసుకున్నాడు. నేను పక్కనుంచి, గిన్నె తీసీమనండి, గిన్నె తీసీమనండి అని అంటూనే ఉన్నాను. ఆయనకి అర్థం కాకపోయినా ఆ మాట కూడా చెప్పాడు. కాసేపటికి ఇంకో తెర మీద బావ బోటు చుక్కగా వెలిగింది. వైజాగు వచ్చే టైము లేదన్నారు. బోటుకి దగ్గర్లో పూడిమడక రేవు ఉంది, అటు పొమ్మన్నారు. తెర మీద ఆ చుక్క కదులుతున్నట్టే ఉండదు. కన్ను తిప్పి మళ్ళీ చూస్తే గోరంత జరిగి ఉంటుంది. మధ్యలో రెండుసార్లు మాయమైంది. మాయమైనప్పుడల్లా అక్క నా భుజం మీద గోళ్ళు దించేది. ఆ గుర్తులు నాకు చాలా రోజులున్నాయి. సాయంత్రం వెలుతురుండగానే పూడిమడక నుంచి ఫోను వచ్చింది. బోటు అద్దం పగిలింది, వల పోయింది, మనుషులందరూ ఉన్నారు.

అక్క కూర్చున్న చోటే కుర్చీలో కళ్ళు మూసుకుంది. ఆఫీసరావిడ ఫైలు మూసి, లాప్‌టాప్ సీజు చేస్తున్నట్టు కాగితం మీద నా సంతకం తీసుకుంది. నా సంతకం వంకర పోవడం చూసి పెన్ను మార్చి ఇచ్చింది, పెన్నుదే తప్పన్నట్టు.

నోటీసు వచ్చింది. విచారణ ఇంకా ఉంది. ఏమవుతుందో తెలియదు. ఆవిడ నన్ను క్షమించలేదు, క్షమించడం ఆవిడ పనీ కాదు. నేను మార్చిన ప్రతి సెట్టూ ఆ ఆఫీసు మనిషి ఎదుట మళ్ళీ మామూలుగా చెయ్యాలన్నారు. ఆఫీసు లాప్‌టాప్ మీద, రోజుకి కొన్ని చొప్పున చేశాను. డ్రైవర్లు వచ్చి సెట్లు కౌంటరు మీద పెట్టి, నన్ను తిట్టి, లక్క గీకి చూపించి నవ్వి పోయేవారు. వాళ్ళ తిట్లు నాకు బాధగా లేవు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వింటే మాత్రం ఇప్పటికీ ఐరన్ ప్లగ్గు పీకుతున్నాను.

బావ సెట్టు చివర వచ్చింది. తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పూడిమడక నుంచి వచ్చాక ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. రెండు మెట్లూ వెనక్కి జరిపి, డయల్ తిప్పి పదహారు మీద పెట్టాను. కాసేపు హోరు. తర్వాత ఎవరో ఓడవాడు, ఏ దేశంవాడో, ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషులో ఇంకో ఓడని పిలిచాడు.

"ఈడెవుడు?"

"తెల్దు బావా. బైట లంగరేసినోడేమో."

"నాను మాటాడితే ఇంతాడా?"

"ఇంతాడు. అందరూ ఇంతారు."

బావ మైకు చేతిలోకి తీసుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు. అందరూ వింటారని తెలిశాక ఏం మాట్లాడాలో ఆయనకి తోచినట్టు లేదు. మళ్ళీ కొక్కేనికి తగిలించి, సెట్టు తువ్వాలులో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"గిన్నె సంగతి మీ అక్కకి సెప్పకు."

ఆ రోజు కంట్రోల్ రూములో అక్క తలుపు పక్కనే కూర్చుని ఉందన్నది ఆయనకి ఇంకా తెలియదు.

"సెప్పను బావా," అన్నాను.